మూడు ప్రాణాలు, ఒక మరణం: వీడియో ఆటల కథల్లో ప్రధాన పాత్రల చావు

కథలో ప్రధాన పాత్ర ఎందుకు చచ్చిపోయింది? ఈ ప్రశ్నకు రచయిత ఇచ్చే సమాధానంలోనే అతని ప్రాపంచిక దృక్పథం బయటపడుతుంది. విధి చంపిందా, రోగం చంపిందా, అప్పు చంపిందా, అధికారం చంపిందా, లేక కథ ముందుకు సాగక రచయితే చంపాడా అన్నది విమర్శకుడు తేల్చవలసిన మొదటి విషయం. నవలనూ నాటకాన్నీ సినిమానూ మనం ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాం. వీడియో ఆటను మాత్రం అడగలేదు. అది సాహిత్య చర్చకు తగిన వస్తువే కాదని మనలో చాలామంది అభిప్రాయం.

ఆ అభిప్రాయానికి కారణాలు లేకపోలేదు. ఆ పరిశ్రమ పెద్ద పెట్టుబడి చేతుల్లో ఉంది. అది తయారుచేసే సరుకులో చాలా భాగం తుపాకుల మోతే. కాని సినిమా గురించి ఒకప్పుడు మన పెద్దలు అన్న మాటలూ ఇటువంటివే. ఒక కళారూపం ఎవరి చేతిలో ఉందన్నది ఎంత ముఖ్యమో, దాని లోపల ఏ సంఘర్షణ జరుగుతోందన్నదీ అంతే ముఖ్యం. పైగా ఈనాడు మన బడుల్లో చదువుతున్న పిల్లల్లో ఎంతోమంది కథలో చావును మొదటిసారి చూసేది భారతంలోనో కథాసంపుటిలోనో కాదు, చేతిలోని తెర మీద. ఆ తెర వాళ్ళకు చావు గురించి ఏం చెబుతోందో తెలుసుకోకుండా "పిల్లలు పాడైపోతున్నారు" అని ఊరుకుంటే విమర్శ బాధ్యత తీరదు.

ఈ రూపానికి మరే రూపానికీ లేని ఒక చిక్కుంది. నవలలో పాత్ర ఒక్కసారే చస్తుంది. వీడియో ఆటలో నాయకుడు గంటకు ఇరవైసార్లు చస్తాడు, ఇరవైసార్లు లేస్తాడు. చావు ఇంత చవకైన చోట ఒక పాత్ర మరణం మనిషిని కదిలించేదెలా? ఈ ప్రశ్నకు చరిత్రలోనే సమాధానం వెతకాలి. ఆటలో చావు మొదట ఒక ధరగా పుట్టింది. ఆ ధర చెల్లించి చావును రద్దు చేసుకునే సౌకర్యాన్ని ఆటగాడి చేతిలోంచి తీసివేసినప్పుడే అది కథలో మరణమయింది. అయితే ఎవరి మరణం లెక్కలోకి వస్తుంది, ఎవరిది రాదు అన్న రెండో ప్రశ్న చాలాకాలం అలాగే ఉండిపోయింది. ఈ రెండు ప్రశ్నల చరిత్రే ఈ వ్యాసం.

నాణేనికి మూడు ప్రాణాలు

1978లో జపాన్‌లో టైటో అనే కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆటను విడుదల చేసింది. దాన్ని రూపొందించినవాడు తొమొహిరో నిషికాదో. యంత్రంలో నూరు యెన్ల నాణెం వేస్తే ఆటగాడికి మూడు ఫిరంగులు దక్కుతాయి. పైనుంచి బారులు తీరి దిగివచ్చే శత్రువులు మూడింటినీ కూల్చేస్తే ఆట అయిపోయినట్టే. ఇంకా ఆడాలంటే ఇంకో నాణెం వేయాలి. అంతకుముందు పిన్‌బాల్ బల్లల మీద ఒక నాణేనికి ఇన్ని బంతులు అన్న లెక్క ఉండేది. ఆ బంతుల స్థానంలోకి వచ్చినవే ఈ ప్రాణాలు.

ఇక్కడ చావుకు అర్థం ఏమిటి? టాక్సీ మీటరులో అంకె తిరగడానికి ఏ అర్థముందో దీనికీ అదే అర్థం. ఆటగాడు తొందరగా చస్తే యంత్రం యజమానికి లాభం. మరీ తొందరగా చస్తే విసుగుపుట్టి మళ్ళీ రాడు కనుక నష్టం. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆపాలో తూచి చావును నిర్ణయించారు. 'ప్రాణం' అనే మాట వీడియో ఆటల భాషలోకి ఇలా వచ్చింది. అది జీవితాన్ని సూచించే మాటగా కాక, కొనుక్కున్న సరుకు లెక్కగా వచ్చింది.

తర్వాత కంప్యూటర్లు ఇళ్ళలోకి వచ్చాయి. నాణెం వేసే కన్నం పోయింది కాని నాణెం స్వభావం పోలేదు. 1981లో అమెరికాలో వచ్చిన 'విజార్డ్రీ' అనే ఆటలో ఒక గుడి ఉంటుంది. గుహల్లో పోరాడి చచ్చిన అనుచరుడి శవాన్ని ఆ గుడికి మోసుకువెళ్ళి, పూజారులకు సొమ్ము చెల్లిస్తే వాళ్ళు బతికించడానికి ప్రయత్నిస్తారు. ప్రయత్నం బెడిసికొడితే శవం బూడిదవుతుంది. మళ్ళీ సొమ్ము కట్టి మరోసారి ప్రయత్నించవచ్చు. అదీ బెడిసికొడితే ఆ మనిషి ఇక ఎన్నటికీ రాడు. కట్టిన సొమ్మూ రాదు. 1986లో జపాన్‌లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్'లో నాయకుడు చచ్చిపోతే రాజుగారి ఎదుట మళ్ళీ కళ్ళు తెరుస్తాడు. అతని దగ్గరున్న బంగారంలో సగం మాత్రం మాయమవుతుంది. పితృకార్యానికి దక్షిణ లెక్కపెట్టే సమాజంలో పెరిగిన మనకు ఈ వ్యవహారం కొత్తగా తోచదు. చావు ఇక్కడా బేరమే. నాణెం జేబులోంచి కథలోకి మారింది, అంతే.

ఈ బేరానికి తొలి ప్రతిఘటన బొమ్మలు లేని ఆటలోంచి రావడం గమనించదగ్గ విషయం. 1983లో ఇన్ఫోకామ్ అనే అమెరికన్ కంపెనీ కోసం స్టీవ్ మెరెట్స్కీ 'ప్లానెట్‌ఫాల్' రాశాడు. రాశాడనే అనాలి, ఎందుకంటే అందులో తెర మీద అక్షరాలు తప్ప మరేమీ లేవు. ఆటగాడు ఒక వాక్యం టైపు చేస్తే కంప్యూటర్ ఒక పేరాతో జవాబిస్తుంది. నిర్మానుష్యమైన గ్రహం మీద చిక్కుకున్న నాయకుడికి ఫ్లాయిడ్ అనే మరమనిషి తోడవుతాడు. చిన్నపిల్లవాడి స్వభావం. దారి పొడుగునా అల్లరి, అసందర్భపు ప్రశ్నలు. చివరికి ఒక ప్రయోగశాలలోంచి అవసరమైన కార్డు తేవలసివస్తుంది. లోపల భయంకరమైన జంతువులున్నాయి. ఫ్లాయిడ్ తానే వెళతానంటాడు. కార్డు తెస్తాడు. ఛిన్నాభిన్నమై వచ్చి నాయకుడి చేతుల్లో ఆగిపోతాడు.

ఆనాటి ఆటగాళ్ళు ఈ ఘట్టానికి కంటతడి పెట్టుకున్నామని దశాబ్దాల తర్వాత కూడా చెప్పుకున్నారు. ఇందులో కిటుకు చాలా సులువు. ఫ్లాయిడ్ ఆటగాడికి ఆయుధం కాదు, సాయుధ అనుచరుడూ కాదు. వాడితో కాలక్షేపం జరిగింది. వాడి మాటలు వినడం అలవాటయింది. వాడు పోయాక ఆటగాడు ఏ వాక్యం టైపు చేసినా, మధ్యలో దూరే ఆ అల్లరి వాక్యం రాదు. ఆ లోటే మరణం. అయితే రచయిత ఆ మరణం మీద చివరిదాకా నిలబడలేకపోయాడు. ఆట విజయవంతంగా ముగిస్తే, మరమ్మతు చేయించుకున్న ఫ్లాయిడ్ గెంతుతూ వస్తాడు. మరమనిషి కాబట్టి కథాతర్కం ఒప్పుకుంటుంది. కాని అంతకుముందు మనం కార్చిన కన్నీటిని వెనక్కి ఇచ్చేసినట్టవుతుంది. చంపిన పాత్రను చంపినట్టే ఉంచే ధైర్యం ఈ రూపానికి అప్పటికి రాలేదు.

1990లో జపాన్‌లో వచ్చిన 'ఫైర్ ఎంబ్లెమ్' ఆ ధైర్యం వేరొక విధంగా చేసింది. అది యుద్ధవ్యూహాల ఆట. అందులో ప్రతి సైనికుడికీ ఒక పేరూ ఒక ముఖమూ ఉంటాయి. యుద్ధంలో కూలిన సైనికుడు ఇక సాధారణంగా తిరిగిరాడు. దాని రూపకర్త షోజో కగా ఉద్దేశం ప్రకారం సేనాని తన నిర్ణయాల బరువు మోయాలి. ఆటగాళ్ళు ఏం చేశారు? ఒక సైనికుడు చావగానే యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదటినుంచి ఆడారు. రచయిత మూసిన తలుపుకు పాఠకుడు దొడ్డిదారి తవ్వుకున్నాడన్నమాట. 2010లో అదే వరుసలో వచ్చిన ఒక ఆటలో కంపెనీ వారే ఆ దొడ్డిదారిని రాజమార్గం చేశారు. కూలినవాళ్ళు తర్వాతి యుద్ధానికి లేచివచ్చే పద్ధతిని కూడా ఆటగాడు ఎంచుకోవచ్చన్నారు.

పూలమ్మే పిల్ల

ఈ చరిత్రలో అసలు మలుపు 1997లో వచ్చింది. జపాన్ కంపెనీ స్క్వేర్ ఆ జనవరిలో మూడు డిస్కుల నిండా నింపి 'ఫైనల్ ఫాంటసీ 7' విడుదల చేసింది. దర్శకుడు యోషినోరి కితాసే. కథకు మూలపురుషుడు, నిర్మాత హిరోనోబు సకగుచి. సంగీతం నోబువో ఉయెమాత్సు.

కథాస్థలం మిడ్గార్ అనే నగరం. ధనికులు ఎత్తయిన ఉక్కు పలకల మీద కట్టిన పేటల్లో ఉంటారు. ఆ పలకల నీడలో, ఎండ పడని మురికివాడల్లో పేదలుంటారు. నగరాన్ని ఏలేది ప్రభుత్వం కాదు, షిన్రా అనే విద్యుత్ కంపెనీ. అది భూగర్భంలోంచి భూమి ప్రాణశక్తినే తోడి కరెంటుగా అమ్ముతుంది. ఏరిత్ అనే యువతి ఆ మురికివాడలో పూలమ్ముకుంటుంది. పూలు పూయని నగరంలో పూలమ్మే మనిషి! ఆమెతో పరిచయమైన క్లౌడ్ అనే మాజీ సైనికుడే ఆటగాడి పాత్ర. గంటల తరబడి ఆమె ఆటగాడి బృందంలో నడుస్తుంది, పోరాడుతుంది, గాయపడ్డవాళ్ళను బాగుచేస్తుంది. ఆటగాడు ఆమెకు ఆయుధాలు కొంటాడు, ఆమె శక్తులు పెంచుతాడు. మొదటి డిస్కు చివరలో, లోకాన్ని కాపాడడానికి ఒంటరిగా ప్రార్థన చేస్తున్న ఆమె వెన్నులోంచి సెఫిరోత్ అనే విరోధి కత్తి దిగుతుంది.

ఈ ఆటలో ఫీనిక్స్ పక్షి ఈక ఒకటి సంతలో దొరుకుతుంది. యుద్ధంలో పడిపోయినవాడి మీద దాన్ని వాడితే లేచి కూర్చుంటాడు. ఆ సమయానికి ఆటగాడి సంచిలో అటువంటి ఈకలు ఎన్నో ఉంటాయి. ఏరిత్ మీద మాత్రం ఒక్కటీ పనిచేయదు. అసలు వాడమని అడిగే అవకాశమే ఆట ఇవ్వదు. ఇంతకాలం ధర చెల్లిస్తే చావు రద్దయ్యే లోకంలో తిరిగినవాడికి, డబ్బూ ఈకలూ ఉండగానే ఏమీ చేయలేని క్షణం ఎదురయింది. ఆమె కోసం పెట్టిన శ్రమ, పెంచిన శక్తులు అన్నీ ఆమెతోపాటే పోయాయి. ఆమె ఉండవలసిన చోట బృందంలో ఖాళీ మిగిలింది.

సంగీతం విషయంలో తీసుకున్న నిర్ణయం కూడా గమనించాలి. ఆమె చనిపోగానే ఒక రాక్షసంతో పోరాటం మొదలవుతుంది. అంతవరకూ ప్రతి పోరాటానికీ ఉద్రేకపరిచే బాణీ ఉంటుంది. ఇక్కడ మాత్రం ఆ బాణీ రాదు. ఏరిత్‌కు కట్టిన విషాద రాగమే సాగుతూ ఉంటుంది. ఆటగాడి వేళ్ళు మామూలుగా మీటలు నొక్కుతుంటాయి, చెవులు మాత్రం ఏడుపు వింటుంటాయి. యుద్ధం చేస్తే దుఃఖం తీరదన్న మాటను ఒక్క సంభాషణ లేకుండా చెప్పారు.

ఈ ఆటకు చాలాముందే, వరుసలోని మూడో ఆట తయారవుతున్న రోజుల్లో, సకగుచి తల్లి మరణించింది. అప్పటినుంచి ప్రాణం అంటే ఏమిటన్న ప్రశ్న తన కథల్లోకి వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. నిజజీవితంలో చావు నాటకీయంగా కాక హఠాత్తుగా వస్తుందనీ, అది మిగిల్చేది శూన్యమేననీ కితాసే తర్వాత ఇంటర్వ్యూల్లో వివరించాడు. నాయకుడి కోసం ప్రేయసి చేసే త్యాగంగా ఆ చావును తీర్చిదిద్దకుండా జాగ్రత్తపడ్డామన్నది వాళ్ళ మాటల సారాంశం. మన సినిమాల్లో పాటలు పాడుతూ పోయే పాత్రలను తలుచుకుంటే ఈ మాట విలువ తెలుస్తుంది.

ఆటగాళ్ళు నమ్మలేదు. ఎక్కడో రహస్యమార్గం ఉంటుందనీ, ఫలానా చోట ఫలానా పని చేస్తే ఆమె బతుకుతుందనీ ఏళ్ళ తరబడి పుకార్లు నడిచాయి. ఆట లోపలి అంకెలు మార్చే పరికరాలతో ఆమెను బలవంతంగా బృందంలోకి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. మన పల్లెల్లో అభిమన్యుడి కథ వినే ముసలమ్మకు అతడు పద్మవ్యూహంలోంచి బయటపడడని తెలుసు. తెలిసే ఏడుస్తుంది. కాని కథను మార్చే మీట తన చేతిలో ఉండాల్సిందని ఆమె ఎన్నడూ అనుకోదు. వీడియో ఆటగాడి చేతిలో ఆ మీట ఎప్పుడూ ఉంది. ఒక్కసారి అది పనిచేయలేదు. ఏరిత్ మరణానికి అంత బలం అక్కడినుంచే వచ్చింది.

ఈ రహస్యాన్ని అందరికన్నా పొదుపుగా వాడుకున్నది 2013లో స్వీడన్‌లో తయారయిన 'బ్రదర్స్'. దర్శకుడు జోసెఫ్ ఫారెస్ లెబనాన్‌లో పుట్టి, అంతర్యుద్ధ కాలంలో చిన్నతనంలోనే కుటుంబంతో స్వీడన్ చేరినవాడు. జబ్బుపడ్డ తండ్రికి మందు తేవడానికి అన్నదమ్ములిద్దరు బయలుదేరుతారు. ఆటగాడి ఎడమచేతి మీటలు అన్నవి, కుడిచేతి మీటలు తమ్ముడివి. రెండు చేతులకూ ఇద్దరు మనుషులు అలవాటయ్యాక అన్న చచ్చిపోతాడు. తమ్ముడు ఒక్కడే అన్నను గోతిలోకి లాగి మట్టి కప్పాలి. ఆ పని ఆటగాడే, ఒంటి చేత్తో చేయాలి. ఎడమచేయి ఊరకే ఉంటుంది. ఇంటికి తిరిగివచ్చే దారిలో నీళ్ళు అడ్డమొస్తాయి. తల్లి నీళ్ళలో పోవడం కళ్ళారా చూసిన తమ్ముడికి నీళ్ళంటే భయం. అంతవరకూ అన్న వీపు పట్టుకునే దాటాడు. ఎంత ప్రయత్నించినా తమ్ముడు కదలడు. అప్పుడు ఆటగాడు ఊరకున్న ఎడమచేతి మీట నొక్కితే తమ్ముడు ఈదుతాడు. ఈ ఆటలో పాత్రలు మాట్లాడే భాష మనకు అర్థమయ్యేది కాదు, ఒక కల్పిత భాష. అర్థమయ్యే మాట ఒక్కటీ లేకుండానే, పోయినవాళ్ళు ఉన్నవాళ్ళలో ఎలా మిగులుతారో రెండు చేతులతో చెప్పించారు. వస్తువుకు తగిన శిల్పమంటే ఇదే.

అప్పూ క్షయా

ఇక్కడికి మొదటి ప్రశ్న తీరింది. వీడియో ఆటలో మరణం రావచ్చు, రాగలదు. రెండో ప్రశ్న మిగిలింది. ఏరిత్ కోసం ఏడ్చిన ఆటగాడు ఆ ఘట్టానికి ముందు ఎంతమందిని చంపాడు? షిన్రా కంపెనీ జీతగాళ్ళు, కాపలాదార్లు ఎందరో పోయారు. వాళ్ళకు రాగం లేదు. ఒక్కొక్కరి చావుకు ఆటగాడి ఖాతాలో ఇంత అనుభవం, ఇంత బంగారం జమపడింది. పేరున్నవాడి చావు కథ, పేరులేనివాడి చావు కూలి. ఈ వర్గ విభజన ఈ రూపపు ఎముకల్లోనే ఉంది.

దీన్ని సూటిగా ఎదుర్కొన్న ఆటలు రెండు వచ్చాయి. మొదటిది 2018లో రాక్‌స్టార్ కంపెనీ తెచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'. కాలం 1899, స్థలం అమెరికా. నాయకుడు ఆర్థర్ మోర్గాన్ ఒక దొంగల ముఠా మనిషి. ఆ ముఠా ఊళ్ళో పేదలకు అధిక వడ్డీకి అప్పులిస్తుంది. వసూలు చేయడం ఆర్థర్ పని. థామస్ డౌన్స్ అనే రోగిష్ఠి రైతు అప్పు తీర్చలేకపోతాడు. ఆర్థర్ అతన్ని భార్యాబిడ్డల కళ్ళముందే చావబాదుతాడు. ఆ దెబ్బలు కొట్టే మీట ఆటగాడి చేతిలోనే ఉంది. తన్నులు తింటున్న రైతు దగ్గి, రక్తం ఆర్థర్ ముఖం మీద చిమ్ముతుంది. ఆటగాడు ఆ సంగతి మరచిపోయి గంటల తరబడి వేరే సాహసాలు చేస్తాడు. డౌన్స్ చచ్చిపోతాడు. అతని భార్య ఒళ్ళమ్ముకునే స్థితికి వస్తుంది. కొడుకు బొగ్గుగనిలో చేరతాడు. చాలా తర్వాత ఆర్థర్ వీధిలో కుప్పకూలి డాక్టరు దగ్గరికి వెళితే క్షయ అని తేలుతుంది. క్షయకు పనిచేసే మందు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1940లలో. 1899లో ఆ మాట మరణశాసనమే.

ఆర్థర్‌ను చంపింది ఎవరు? విధి అనడానికి వీల్లేదు. శత్రువు తుపాకి కూడా ప్రధానం కాదు. అతను వసూలుకు వెళ్ళిన అప్పు అతన్ని చంపింది. పీడించే చేతిలోకి పీడితుడి రోగం ఎక్కింది. పేరులేనివాడిగా పక్కకు నెట్టేయవలసిన ఒక చిన్న పాత్ర చావు, ప్రధాన పాత్ర చావుకు కారణమయింది. ఆర్థర్‌ను నడిపినవాడు కనుక ఆటగాడికీ అందులో భాగముంది. అప్పు చంపడమంటే ఏమిటో తెలిసిన మన పల్లెలకు దీని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఇదే ఆట తయారీ మరొక సంగతి కూడా చెబుతుంది. విడుదలకు ముందు, 2018 అక్టోబరులో, కంపెనీ పెద్దల్లో ఒకడైన డాన్ హౌసర్ వారానికి నూరు గంటలు పనిచేసిన సందర్భాల గురించి గొప్పగా చెప్పాడు. విమర్శలు రాగానే, అది కొద్దిమంది రచయితల సంగతేననీ, మూడు వారాలు మాత్రమేననీ సర్దుకున్నాడు. ఆ తర్వాత ఉద్యోగులు అనేకమంది తమ పనిగంటల గురించి పత్రికలకు చెప్పుకున్నారు. పేదవాడి రొమ్ములో రక్తం చూపించగలిగిన పెట్టుబడికి తన కార్ఖానాలోని అలసట కనిపించలేదు. కళాఖండంలోని అభ్యుదయ అంశాన్ని మెచ్చుకుంటూనే ఈ వైరుధ్యాన్ని చెప్పకపోతే మన విమర్శ సగమే అవుతుంది.

పేరులేని డాక్టరు

రెండో ఆట మరింత పదునైనది. 2013లో నాటీ డాగ్ అనే సంస్థ 'ది లాస్ట్ ఆఫ్ అస్' తెచ్చింది. రచయిత నీల్ డ్రక్‌మన్. మహమ్మారితో నాశనమైన అమెరికాలో జోయెల్ అనే వ్యక్తి కూతుర్ని పోగొట్టుకుంటాడు. పై అధికారి ఆజ్ఞ విని ఒక సైనికుడు ఆ పిల్లను కాల్చేస్తాడు. ఇరవై ఏళ్ళ తర్వాత జోయెల్, ఎల్లీ అనే బాలికను ఒక ఆస్పత్రికి చేర్చాలి. ఆమె శరీరంలో రోగానికి విరుగుడు ఉంది. కాని అది తీయాలంటే ఆమె చావాలి. జోయెల్ ఒప్పుకోడు. ఆపరేషన్ గదిలోకి దూసుకువెళ్ళి ఎల్లీని ఎత్తుకుపోతాడు. అక్కడ అడ్డంగా నిలబడ్డ డాక్టరును ఆటగాడు చంపాలి. చంపకపోతే కథ కదలదు. ఆ డాక్టరుకు ఆనాటి కథలో చెప్పుకోదగ్గ చరిత్ర లేదు. లక్షలమంది ఆటగాళ్ళు అతన్ని చంపి, మరుక్షణం మరచిపోయారు.

ఏడేళ్ళకు, 2020 జూన్‌లో రెండో భాగం వచ్చింది. మొదట్లోనే జోయెల్‌ను ఒక యువతి గోల్ఫ్ కర్రతో కొట్టి చంపుతుంది. పేరు ఆబీ. ఆటగాళ్ళు ఏడేళ్ళు ప్రేమించిన నాయకుడు ఒక నేలమాళిగలో దిక్కులేని చావు చచ్చాడు. ఎల్లీగా ఆటగాడు పగతీర్చుకోవడానికి బయలుదేరతాడు. సగం కథ గడిచాక ఆట తిరగబడి, ఆటగాణ్ణి ఆబీ పాత్రలోకి నెడుతుంది. అప్పుడు తెలుస్తుంది, ఆబీ ఆ డాక్టరు కూతురని. మనం మరచిపోయిన చావుకు ఒక పేరుంది, ఒక ఇల్లుంది, ఎదిగిన కూతురుంది. దారిలో మనం చంపే కాపలాదార్లకు కూడా ఈ ఆటలో పేర్లున్నాయి. ఒకడు కూలితే పక్కవాడు అతన్ని పేరుపెట్టి పిలుస్తూ అరుస్తాడు. 1978 నుంచి పోగుపడుతూ వచ్చిన పేరులేని శవాల లెక్కను ఈ రూపం తన ముందు తానే విప్పుకున్న సందర్భమిది.

దీన్ని ఆటగాళ్ళు ఎలా స్వీకరించారు? మెచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. మూడు రోజుల్లో నలభై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని కంపెనీ ప్రకటించింది. కాని విడుదలైన కొద్ది గంటల్లో, ఆట పూర్తిచేయడానికి చాలినంత వ్యవధి కూడా లేకముందే, వేల సంఖ్యలో దూషణలు వెల్లువెత్తాయి. ఆబీకి గొంతునిచ్చిన నటి లారా బెయిలీకి చంపుతామనే బెదిరింపులు వచ్చాయి. పగ ఎంత నిష్ఫలమో చెప్పే కథకు పగతోనే జవాబిచ్చారన్నమాట. నా నాయకుణ్ణి చంపే హక్కు రచయితకు లేదు, నేను డబ్బుపెట్టి కొన్నాను అన్న వాదం ఆ కోపం అడుగున ఉంది. నాణెం వేసినవాడికి ప్రాణాలు దక్కాలన్న పాత లెక్కే అది.

మళ్ళీ నాణెం

ఆ పాత లెక్క ఈమధ్య మరీ బలపడింది. 2012లో వచ్చిన 'క్యాండీ క్రష్'లో ఐదు ప్రాణాలుంటాయి. అయిపోతే ఒక్కో ప్రాణానికి అరగంట కాచుకోవాలి, లేదా డబ్బు కట్టాలి. నాణేల యంత్రం మన జేబులోని ఫోనులోకి దూరింది. 2017 తర్వాత ప్రచారంలోకి వచ్చిన 'పబ్జీ' తరహా ఆటల్లో నూరుమంది ఒక దీవిలో దిగుతారు, తొంభైతొమ్మిదిమంది పోతే ఒకడు గెలుస్తాడు. మన పిల్లలకు ఎక్కువ పరిచయమున్నవి ఇవే. 2020 సెప్టెంబరులో మన దేశంలో పబ్జీ మొబైల్‌ను నిషేధించినా ఆ తరహా ఆటలు ఆగలేదు. వాటిలో మరణం ఉంది కాని మృతుడు లేడు. పాత్రలను విడివిడిగా అమ్మే ఆటల్లోనైతే ప్రధాన పాత్రను శాశ్వతంగా చంపడమే కష్టం. డబ్బు పెట్టి కొన్న పాత్ర చచ్చిపోతే కొన్నవాడు ఊరుకోడు కదా.

ఏరిత్‌ను కూడా విపణి చనిపోనివ్వలేదు. ఫైనల్ ఫాంటసీ 7ను 2020 నుంచి భాగాలుగా తిరిగి నిర్మిస్తున్నారు. 2024లో వచ్చిన రెండో భాగం ఆ ప్రార్థన ఘట్టం దాకా వస్తుంది. అక్కడ క్లౌడ్ కత్తిని అడ్డుకున్న దృశ్యమూ ఉంది, రక్తమూ ఉంది. ఆమె పోయిందా, వేరొక లోకంలో మిగిలిందా అన్న చర్చకు చోటిచ్చి వదిలేశారు. ఇందులో శిల్పప్రయోగం ఉందని వాదించేవాళ్ళున్నారు, ఆ వాదనను కొట్టిపారేయను. కాని 1997లో ఒక తరానికి ఆ ఘట్టం నేర్పిన పాఠం, పోయినవాళ్ళు రారన్నది, ఇప్పుడు తరువాయి భాగంలో చూడండి అన్న ప్రకటనగా మారింది.

విచిత్రంగా, అదే 2024 జులైలో అమెరికాలో వీడియో ఆటల నటులు సమ్మెకు దిగారు. తమ గొంతునూ కదలికలనూ యంత్రం అనుకరించి, తమ అనుమతి లేకుండా వాడుకోకూడదన్నది వాళ్ళ ముఖ్యమైన కోరిక. దాదాపు ఏడాది పోరాడి 2025లో ఒప్పందం సాధించారు. పాత్ర చచ్చినా బతికించగల పెట్టుబడి, నటుడు లేకున్నా అతని గొంతును పలికించగలదు. కథలోని పునర్జన్మకూ కార్ఖానాలోని శ్రమదోపిడికీ ఇంత దగ్గర చుట్టరికం ఉంది.

మన లాక్షణికులు రంగస్థలం మీద వధ చూపరాదని శాసించారు. భాసుడు ఊరుభంగంలో దుర్యోధనుణ్ణి వేదిక మీదనే చనిపోనిచ్చి, ఓడినవాడి వైపునుంచి యుద్ధాన్ని చూపాడు. కొత్త రూపాలు కూడా పాత శాసనాలను ఇలాగే దాటుతాయి. వీడియో ఆటకు శాసనం కర్త లాక్షణికుడు కాదు, నాణెం. దాన్ని దాటినవి కొన్నే, కాని దాటినవి ఉన్నాయి.

వీటినుంచి మన రచయితలూ సాహిత్య విద్యార్థులూ తీసుకోవలసింది ఆటల వ్యామోహం కాదు, ఒక పరీక్ష. ఏ కథ ముందు పెట్టినా, అందులో చచ్చినవాళ్ళెందరు, వాళ్ళలో పేరున్నవాళ్ళెందరు అని లెక్కపెట్టాలి. మన సినిమాలో నాయకుడి తల్లి పోతే ఒక పాట ఉంటుంది. అతని చేతిలో గాలిలోకి ఎగిరిపడ్డ రౌడీల్లో ఎవరి తల్లీ తెర మీదికి రాదు. మన కథల్లో కూడా నాయకుడి ఆవేశాన్ని రగిలించడానికి మాత్రమే చచ్చే కూలివాళ్ళు, చచ్చే ఆడవాళ్ళు తక్కువేం లేరు. ఆపరేషన్ గదిలో నిలబడ్డ ఆ డాక్టరుకు పేరు పెట్టడానికి ఒక పరిశ్రమకు ఏడేళ్ళు పట్టింది. మన కథల్లో చనిపోయే ఆ కూలివాడికి, ఆ ఆడమనిషికి రాసేటప్పుడే పేరు పెట్టవచ్చు.